పెన్ను పక్కన పెట్టుకుని చూడాల్సిన రేసు: తిరుపతిలో కూర్చుని స్పీడ్‌వే టీమ్ పోటీ చూడటం ఎలా?

ముందే చెప్పేస్తున్నా, స్పీడ్‌వేని ఫోన్‌లో అక్కడో ముక్క ఇక్కడో ముక్క చూస్తే పది నిమిషాల్లో బోర్ కొడుతుంది. ఇదొక బైక్ రేసు. నలుగురు మనుషులు, మట్టి ట్రాక్, నాలుగు చుట్లు, అంతా కలిపి ఒక నిమిషం, మళ్లీ ఇంకో నలుగురు. ఇలాంటి ఒక్కో చిన్న రేసునే హీట్ అంటారు. అదే పోటీని ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక స్కేలు, ఒక పెన్ను పక్కన పెట్టుకుని హీట్ హీట్‌కీ పాయింట్లు రాసుకుంటూ చూడండి, అర్ధరాత్రి దాటినా లేవబుద్ధి కాదు. కాబట్టి ఈ గైడ్‌లో బండి గురించి కొంచెం, ఆ నోట్‌బుక్ గురించి ఎక్కువ ఉంటుంది.

ఏ పోటీ చూడాలో తేల్చుకుందాం. దేశాల మధ్య జరిగే స్పీడ్‌వే టీమ్ పోటీలు ప్రధానంగా రెండు రకాలు. పాతది వరల్డ్ టీమ్ కప్, 1960లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదలైంది, 2001 నుంచి అది స్పీడ్‌వే వరల్డ్ కప్‌గా మారింది. గెలిచిన వాళ్లకు ఇచ్చే ట్రోఫీకి ఓవే ఫుండిన్ పేరు పెట్టారు, ఆయన ఐదు సార్లు వ్యక్తిగత ప్రపంచ ఛాంపియన్ అయిన స్వీడన్ రైడర్. ఇందులో ఒక్కో హీట్‌లో నాలుగు దేశాల నుంచి ఒక్కొక్కరు దిగుతారు. రెండోది 2018లో వచ్చిన స్పీడ్‌వే ఆఫ్ నేషన్స్. ఇది జోడీల పోటీ, ఒక్కో హీట్‌లో రెండు దేశాలే, ఇద్దరికి ఇద్దరు. వరల్డ్ కప్ 2017 తర్వాత ఆగిపోయి 2023లో పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్‌లో మళ్లీ జరిగింది, మూడేళ్లకోసారి అది, మధ్య సంవత్సరాల్లో నేషన్స్ అన్నది నిర్వాహకులు చెప్పిన ప్లాన్.

కొత్తగా చూసేవాళ్లు నేషన్స్‌తోనే మొదలు పెట్టండి. ఒక్కో హీట్‌లో దేశాలు రెండే ఉంటాయి కాబట్టి ఎవరు ఎవరి మీద పోటీయో వెంటనే తెలుస్తుంది. పైగా పాయింట్ల లెక్క అందులోనే మజాగా ఉంటుంది, అది కింద చెబుతా.

ఇప్పుడు టైమ్ సంగతి. పోలండ్, డెన్మార్క్, స్వీడన్‌లలో సాయంత్రం ఏడుకి మొదలైతే వేసవిలో మనకు రాత్రి పదిన్నర. బ్రిటన్‌లో ఏడుకైతే పదకొండున్నర. అక్టోబర్ చివరి ఆదివారం వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ తర్వాత ఏదైనా మ్యాచ్ ఉంటే ఇంకో గంట కలుపుకోండి. రెండున్నర గంటలు అటూ ఇటూ పడుతుంది, మధ్యలో పెద్ద పడిపోవడాలు ఉంటే ఇంకా ఎక్కువ. వాన పడితే వాయిదానే, మట్టి ట్రాక్ కదా. మర్నాడు పొద్దున్నే డ్యూటీ ఉన్నవాళ్లు ఇది ఆలోచించుకుని కూర్చోవాలి. లైవ్ హక్కులు ఏటికేడు చేతులు మారుతుంటాయి, అందుకని పోటీకి వారం ముందే ఎఫ్ఐఎం (ప్రపంచ మోటార్‌సైకిల్ సమాఖ్య) స్పీడ్‌వే అధికారిక వెబ్‌సైట్ చూసుకోవడం మంచిది. లైవ్ దొరక్కపోతే వాళ్ల యూట్యూబ్ ఛానెల్‌లో హైలైట్స్ వస్తాయి. ఆడేవాళ్ల జాబితా, హీట్ల వరుస ముందే పెడతారు, దాన్ని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, రాత్రి నెట్ మొరాయించినా పని నడుస్తుంది.

మనుషుల్ని పోగేయడం ఇంకో పని. ఒంటరిగా చూడొచ్చు, కాదనను, కానీ నేషన్స్ ఫైనల్‌లో ఏడు దేశాలు ఉంటాయి, కాబట్టి ఏడుగురు దొరికితే భలే ఉంటుంది. మన దేశం బరిలో ఉండదు, ఎవరి మీదా ముందే అభిమానం ఉండదు, అందుకని ఏడు చీటీలు రాసి మడిచి వేయండి, ఎవరికి ఏది వస్తే ఆ రాత్రికి అదే వాళ్ల దేశం. ఓడిన వాడు మర్నాడు అందరికీ టిఫిన్. మిద్దె మీద ప్రొజెక్టరో, గదిలో టీవీనో, ఏదో ఒకటి. బొరుగులు కలిపి పెట్టుకోండి, మిర్చి బజ్జీ అయితే నోట్‌బుక్ మీద నూనె మరకలు పడతాయి, అది మీ ఇష్టం.

బండి గురించి తెలియాల్సినంత

ఎవరికి చూపించినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "ఏమన్నా, బ్రేక్ లేదంటావు, మరి ఆపేదెట్లా?" బ్రేకులు నిజంగానే లేవు, ముందూ లేదు వెనకా లేదు. ఐదొందల సీసీ సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, ఇంధనం మిథనాల్, గేరు ఒక్కటే, కనీస బరువు 77 కిలోలు. అంత తేలిక బండికి అంత పెద్ద ఇంజిన్ కాబట్టి నిలుచున్న చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగం మూడు సెకన్ల చిల్లరలోనే అందుకుంటుంది. ఆపాలంటే థ్రాటిల్ మూసేస్తారు, ఇంజిన్ కంప్రెషనే బండిని లాగి పట్టుకుంటుంది, రేసు అయ్యాక ఇంకో చుట్టు నెమ్మదిగా తిరిగి పిట్స్‌లోకి, అంటే బళ్లు సిద్ధం చేసుకునే చోటికి వెళ్తారు. అందరికీ బ్రేకులు లేవు కాబట్టి ముందున్న వాడు హఠాత్తుగా ఆగడం అన్నది జరగదు, మందలో అదే ఒక రకంగా రక్షణ.

తిరగడం ఎప్పుడూ ఎడమకే, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా. మలుపులో వెనక చక్రం కావాలనే జారుతుంది, ముందు చక్రం మాత్రం కుడివైపు చూస్తూ ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు బండి పడిపోతోందని కంగారు పడతారు. యూట్యూబ్‌లో వేగాన్ని పావు వంతుకు తగ్గించి ఒక మలుపు చూడండి, మలుపు మధ్యలో రైడర్ థ్రాటిల్ తగ్గించకుండా పెంచడం కనిపిస్తుంది. వెనక చక్రం ఎంత తిరిగితే బండి అంత లోపలికి తిరుగుతుంది, థ్రాటిల్ ఒక్కసారిగా మూస్తే టైరుకు పట్టు దొరికి బండి తిన్నగా కంచె వైపు పోతుంది. ఎడమ బూటు కింద ఉక్కు పలక కట్టుకుంటారు, ఆ కాలు మట్టి మీద జారుతూ ఉంటుంది. కుడి చేతి మణికట్టుకు ఒక తాడు, మనిషి పడిపోగానే అది ఊడి ఇంజిన్ ఆగిపోతుంది.

ఇంకో చిన్న విషయం, రాయలసీమ వాళ్లకు నచ్చుతుంది కాబట్టి చెబుతున్నా. ఈ ఇంజిన్లలో ఆముదం నుంచి చేసిన నూనె వాడటం పాత అలవాటు. స్పీడ్‌వే మైదానానికి వెళ్లిన ప్రతివాడూ ఆ కాలిన వాసన గురించే మాట్లాడతాడు. టీవీలో వాసన రాదు, ఏం చేస్తాం.

ట్రాక్ ఎంత పెద్దదో ఊహించుకోవాలంటే వర్సిటీ స్టేడియంలో పరుగు పందేల ట్రాక్ తలుచుకోండి, అది ఒక చుట్టు 400 మీటర్లు. స్పీడ్‌వే ట్రాకులు ఎక్కువగా అంతకంటే చిన్నవే. మాంచెస్టర్‌లోది 347 మీటర్లు, డెన్మార్క్‌లోని వోయెన్స్‌ది 300. అంత చిన్న చోట నలుగురు గంటకు వంద దాటి పోతారు.

నోట్‌బుక్‌లో గీతలు

నేషన్స్ ఫైనల్‌లో ఏడు జోడీలు, ప్రతి జోడీ మిగతా ఆరింటితో ఒక్కోసారి తలపడుతుంది, మొత్తం 21 హీట్లు. ఒక పేజీలో ఏడు అడ్డం ఏడు నిలువు గడులు గీయండి, ఎడమవైపు కిందికి దేశాల పేర్లు, పైన అడ్డంగా అవే పేర్లు. మూల నుంచి మూలకు వచ్చే ఏడు గడులు కొట్టేయండి, ఎవరూ తమతో తాము ఆడరు కదా. కుడి చివర మొత్తాలకు ఒక గడి వెడల్పుగా వదలండి. ఆస్ట్రేలియా డెన్మార్క్ మీద ఆరు తెచ్చుకుంటే ఆస్ట్రేలియా వరుసలో డెన్మార్క్ కింద 6 రాసి, డెన్మార్క్ వరుసలో ఆస్ట్రేలియా కింద 3 రాయాలి. ప్రతిసారీ రెండు చోట్లా రాయండి, బద్ధకిస్తే పదిహేనో హీట్ దగ్గర గందరగోళం మొదలవుతుంది.

ఎదురు పేజీలో హీట్ల వరుస. ఒక్కో హీట్‌కు నాలుగు లైన్లు, హెల్మెట్ రంగు, పేరు, ఎన్నో స్థానం. జోడీల పోటీలో ఒక దేశానికి ఎరుపు, నీలం, ఎదుటి దేశానికి తెలుపు, పసుపు. రైడర్ ముఖాలు కనబడవు, బట్టల మీద స్పాన్సర్ల గోల ఎక్కువ, కాబట్టి మనకు ఆధారం హెల్మెట్ రంగులే. ఎరుపు నీలం ఒక ఇంటివాళ్లు, తెలుపు పసుపు ఇంకో ఇంటివాళ్లు, ఇది నోటికి వచ్చేదాకా మొదటి మూడు హీట్లు ఎవరు ముందున్నారన్నది పట్టించుకోకపోయినా పర్లేదు.

రేసు పూర్తి చేయని వాళ్లకు పొట్టి గుర్తులు పెట్టుకోండి. పడిపోతే 'ప', ఇంజిన్ మొరాయిస్తే 'ఇం', రిఫరీ బయటికి పంపితే 'ఔ', స్టార్ట్‌లో ముందు అడ్డంగా ఉండే టేప్ తాకితే 'టే'. అధికారిక ప్రోగ్రామ్‌లలో ఇంగ్లీషు, పోలిష్ అక్షరాల గుర్తులు ఉంటాయి, వాటిని బట్టీ పట్టాల్సిన పని లేదు.

ఇక అసలు విషయం, పాయింట్లు. మామూలు స్పీడ్‌వేలో మొదటి వాడికి 3, రెండో వాడికి 2, మూడో వాడికి 1, చివరి వాడికి సున్నా. ఈ లెక్కలో ఒక జోడీకి మొదటి, చివరి స్థానాలు వచ్చి ఎదుటి జోడీకి రెండు, మూడు వస్తే 3-3తో సమానం. నేషన్స్‌లో ఇప్పుడు 4, 3, 2, 0 ఇస్తున్నారు. అంటే మొదటి, రెండో స్థానాలు ఒకే జోడీవైతే 7-2. మొదటి, మూడో స్థానాలైతే 6-3. మొదటి, చివరి స్థానాలైతే 4-5, గెలిచిన వాడి దేశం ఓడిపోయినట్టు!

ఇక్కడ ఒక నిమిషం ఆగి పెన్నుతో లెక్క వేసి చూడండి. ఎరుపు ముందున్నాడు, తెలుపు రెండు, పసుపు మూడు, నీలం చివర. ఎరుపు-నీలం జోడీకి 4, తెలుపు-పసుపుకి 5. ఇప్పుడు తెలుపు వాడు అద్భుతంగా కష్టపడి ఎరుపును దాటేశాడు అనుకోండి, లెక్క 3-6 అవుతుంది, తేడా ఒకటి నుంచి మూడుకు పెరిగింది, అంటే రెండు పాయింట్ల కదలిక. అలా కాకుండా వెనక చివర్లో ఉన్న నీలం వాడు పసుపు వాడిని దాటాడు అనుకోండి. లెక్క 6-3. ఒకటి వెనకబడ్డ జోడీ మూడు ముందుకొచ్చింది, నాలుగు పాయింట్ల కదలిక. మూడో స్థానం కోసం జరిగే పోరు మొదటి స్థానం పోరు కంటే రెట్టింపు విలువైనది. ఇది బుర్రకెక్కిన క్షణం నుంచి మీరు స్క్రీన్ మీద వెనక చూస్తారు, ముందు చూడరు. విచిత్రం ఏమిటంటే కెమెరా మాత్రం చాలాసార్లు ముందున్న వాడినే పట్టుకుని తిరుగుతుంది, వెనక ఇద్దరు కొట్టుకుంటున్నప్పుడు కూడా. డైరెక్టర్‌ని తిట్టుకోవడం ఈ ఆట చూడటంలో ఒక భాగం.

ఈ లెక్క వల్లే ముందున్న రైడర్ ప్రవర్తన మారుతుంది. ఒంటరి పోటీలో అయితే ముందుకొచ్చినవాడు వెనక్కి చూడకుండా పోతాడు. ఇక్కడ మెడ తిప్పి తన జోడీ ఎక్కడున్నాడో చూస్తాడు. చివర్లో ఉంటే కొంచెం వేగం తగ్గించి, రెండో వాడికి ఎదురుగా గీత పట్టుకుని, వాడు బయటి నుంచి రావాలంటే బయటికి, లోపల నుంచి రావాలంటే లోపలికి అడ్డం పడుతూ, తన జోడీకి దారి ఇస్తాడు. మరీ తగ్గిస్తే తన స్థానమే పోతుంది, అందుకని ఇది చాలా టెన్షన్ పని. పాతకాలం ఇంగ్లీష్ లీగ్ అభిమానులకు ఇలా జోడీగా నడపడం చూస్తే ప్రాణం లేచొస్తుంది, నాకూ అంతే, ఎవరికి వాళ్లు ఒంటరిగా ఆడే గ్రాండ్ ప్రీ పోటీల కంటే ఇదే ఇష్టం.

నోట్‌బుక్‌లో లెక్క సరిచూసుకోవడానికి ఒక చిట్కా. ఒక హీట్‌లో పంచే పాయింట్లు తొమ్మిది, 21 హీట్లకు 189. ఏడు దేశాల మొత్తాలూ కూడితే 189 రావాలి. ఒక్కరే పడిపోయినా, ఔట్ అయినా మిగతా ముగ్గురూ రేసు ముగిస్తే వాళ్లకు 4, 3, 2 వస్తాయి కాబట్టి లెక్క చెడదు. ఇద్దరు పూర్తి చేయకపోతేనే తగ్గుతుంది, అలాంటి హీట్ పక్కన చిన్న చుక్క పెట్టుకోండి. ఒక దేశానికి ఆరు హీట్లు, అన్నిట్లో 7-2 కొడితే 42. అంత ఎవరూ కొట్టరనుకోండి.

స్టార్ట్ దగ్గర కళ్లు ఎక్కడ పెట్టాలి

పిట్స్ నుంచి పిలుపు వచ్చాక రెండు నిమిషాల గడువు, అది దాటి స్టార్ట్‌కు రాకపోతే ఆ హీట్ నుంచి ఔట్. వచ్చినవాళ్లు బూటు కాలితో నేల తవ్వుకుంటూ, మట్టి సర్దుకుంటూ కనిపిస్తారు, వెనక చక్రానికి పట్టు దొరికే చోటు తయారు చేసుకోవడమే అది. నాలుగు గేట్లు, లోపలిది ఒకటి, బయటిది నాలుగు. పచ్చ లైటు వెలిగాక ఇక ఎవరూ కదలకూడదు, టేపులు పైకి లేస్తాయి, ఎప్పుడు లేపాలన్నది రిఫరీ చేతిలో ఉంటుంది. ముందే కదిలితే హెచ్చరిక, మళ్లీ కదిలితే ఔట్. టేప్ తాకితే ఆ హీట్‌కు దూరం, బదులు రిజర్వ్ వస్తాడా లేదా అన్నది ఆ పోటీ నియమాన్ని బట్టి ఉంటుంది.

టేపులు లేచిన రెండు మూడు సెకన్లలో సగం రేసు తేలిపోతుంది. మన చంద్రగిరి వైపు రంగంపేట పశువుల పండగలో ఎద్దులు ఒక్కసారి ఇరుకు వీధిలోకి దూకినప్పుడు ఎలా ఉంటుందో, మొదటి మలుపు అచ్చం అలాగే ఉంటుంది. అక్కడ ఎవరు ముందు దూరితే వాళ్లకు ఖాళీ దారి, వెనకవాళ్ల ముఖాల మీదికి మట్టి. మీరు చూడాల్సింది, ఒకే జోడీ ఇద్దరూ మలుపులో పక్కపక్కన బయటపడ్డారా అన్నది. బయటపడితే వాళ్లు ట్రాక్ మొత్తం మూసేస్తారు, 7-2 దాదాపు ఖాయం. లేదంటే మిగతా మూడు చుట్లు ఆసక్తిగా ఉంటాయి.

గేట్లలో ఏది మంచిదో ముందే చెప్పలేం, ఊరు ఊరికీ, గంట గంటకీ మారుతుంది. అందుకే నోట్‌బుక్ మార్జిన్‌లో గెలిచినవాడి గేటు నంబర్ రాస్తూ పోండి. ఏడెనిమిది హీట్లకు ఒక తీరు కనబడుతుంది, ఒకటో గేటు వాళ్లే గెలుస్తున్నారా, బయటివాళ్లు వస్తున్నారా అని. కొన్ని హీట్లకోసారి ట్రాక్టర్ వచ్చి మట్టి సర్ది, నీళ్లు చల్లుతుంది, అక్కడ ఒక గీత కొట్టి మళ్లీ కొత్తగా లెక్క పెట్టుకోండి. మొదట్లో లోపలి గీత పక్కన వేగంగా ఉంటుంది, రాత్రి గడిచే కొద్దీ చక్రాలు మట్టిని బయటికి తోసేస్తాయి, లోపల నున్నగా మారి పట్టు పోతుంది, బయట కంచె పక్కన మాత్రం పట్టు పెరుగుతుంది. కంచె వెంబడి పెద్ద చుట్టు కొట్టి ముగ్గురినీ దాటేవాళ్లు కనిపించేది అప్పుడే. పోలండ్ రైడర్ బార్తోష్ జ్మార్జ్‌లిక్‌ని అలాంటి సమయంలో చూడాలి. 2019 నుంచి 2025 మధ్య ఆరు సార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, చివరి స్థానంలో ఉన్నా ఆయన హీట్ అయిపోయిందని రాసేయకండి.

ఎరుపు లైట్లు వెలిగితే రేసు ఆగినట్టు. ఎవరి తప్పు వల్ల ఆగిందో రిఫరీ వీడియో చూసి తేలుస్తాడు, వాడిని తీసేసి మిగతావాళ్లతో మళ్లీ పెడతారు. మొదటి మలుపులో ఎవరి తప్పో చెప్పలేనంత గుంపుగా తగిలితే నలుగురినీ మళ్లీ పిలుస్తారు. తప్పు చేసినవాడు ఔట్ అయితే జోడీలో మిగిలేది ఒక్కడే, వాడు గెలిచినా 4-5, ఇది గుర్తుంచుకోండి. గదిలో గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. "వాడే వచ్చి గుద్దినాడు బ్బా!" "ఏం చూసినావు మామా నువ్వు, ఈడు దారి మూసినాడు!" రిఫరీ తేల్చిందే రాసుకోండి, వాదన పక్కన నడుస్తూనే ఉంటుంది.

పడిపోవడాలు ఉత్త వినోదం అనుకోవద్దు. 1989లో బ్రాడ్‌ఫర్డ్‌లో జరిగిన వరల్డ్ టీమ్ కప్ ఫైనల్ మొదటి హీట్‌లోనే డెన్మార్క్ ఛాంపియన్ ఎరిక్ గుండర్సన్ ఘోరంగా పడ్డాడు, ప్రాణం దక్కింది గానీ రేసింగ్ జీవితం ఆ రోజుతో ముగిసింది. ఇప్పుడు మలుపుల్లో గాలి నింపిన కంచెలు పెడుతున్నారు, దెబ్బ తగ్గిందే తప్ప పోలేదు.

ఈ సందర్భంలోనే కుర్రాళ్లకు ఒక మాట. మ్యాచ్ చూసిన మర్నాడు స్వర్ణముఖి ఇసుకలోకో, ఏదైనా ఖాళీ లేఅవుట్‌లోకో స్ప్లెండర్ తీసుకెళ్లి వెనక చక్రం జారించాలనిపిస్తుంది. వద్దు. రోడ్డు బండి బరువు ఎక్కువ, టైర్లు, చాసిస్, ఫుట్‌రెస్టులు ఏవీ దానికోసం చేసినవి కావు, కాలు బండి కింద ఇరుక్కుంటుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో అయితే ఆలోచన కూడా చేయొద్దు.

ఎవరి చీటీ వస్తే ఎలా ఆనందపడాలి

పోలండ్ చీటీ వచ్చినవాడు ఎగిరి గంతేస్తాడు, ఆగమనండి. 2001 నుంచి 2023 దాకా జరిగిన వరల్డ్ కప్పుల్లో పోలండ్ తొమ్మిది గెలిచింది, అక్కడ స్పీడ్‌వే అంటే స్టేడియాలు నిండిపోతాయి, ప్రపంచంలోని పెద్ద రైడర్లు దాదాపు అందరూ అక్కడి లీగ్‌లోనే సంపాదించుకుంటారు. అయినా 2018 నుంచి 2024 వరకు నేషన్స్ టైటిల్ ఒక్కటి కూడా పోలండ్‌కు దక్కలేదు. మొదటి మూడూ రష్యా పట్టుకుపోయింది, ఆర్తెమ్ లగుతా, ఎమిల్ సైఫుత్దినోవ్ జోడీ. 2021లో మాంచెస్టర్‌లో గ్రేట్ బ్రిటన్ గెలిచింది, 1989 తర్వాత వాళ్లకు అదే మొదటి ప్రపంచ టీమ్ టైటిల్. 2022లో వోయెన్స్‌లో ఆస్ట్రేలియా, 2024లో మాంచెస్టర్‌లో మళ్లీ బ్రిటన్. 2022 నుంచి రష్యా పోటీలో లేదు.

ఎందుకిలా అంటే నా లెక్క ఇది. వరల్డ్ కప్‌లో నలుగురైదుగురు మంచివాళ్లు కావాలి, అది పోలండ్‌కు ఉన్నంతగా ఎవరికీ లేదు. నేషన్స్‌లో ఇద్దరు చాలు. రాబర్ట్ లాంబర్ట్, డాన్ బ్యూలీ లాంటి ఒక్క మంచి జోడీ కుదిరిందంటే బ్రిటన్ ఎవరినైనా కొట్టగలదు. మూడో మనిషి రిజర్వ్‌గా ఉంటాడు, మేనేజర్ సమయం చూసి వాడుకుంటాడు, ఆ మార్పు జరిగినప్పుడు హీట్ పేజీలో పేరు కొట్టి కొత్త పేరు రాయడం మరవకండి.

వరల్డ్ కప్ వచ్చిన సంవత్సరం నోట్‌బుక్ వేరేలా గీయాలి, అది తేలికే. నాలుగు నిలువు గడులు చాలు, ఒక్కో దేశానికి ఒక్కో హెల్మెట్ రంగు, పాయింట్లు 3, 2, 1, 0, హీట్‌కు ఆరు. 20 హీట్లు అయితే మొత్తం 120. ప్రతి హీట్ తర్వాత మొత్తాన్ని కలుపుతూ పోవాలి, ఇక్కడ జోడీల మాయ ఉండదు గానీ చివరి నాలుగు హీట్లలో మేనేజర్లు ఎవరిని దింపుతారన్నది మంచి చర్చ. కొన్నేళ్ల క్రితం వరకు జోకర్ అని ఉండేది, వెనకబడ్డ టీమ్ ఒక రైడర్‌ని డబుల్ పాయింట్లకు పంపేది. పాత వీడియోల్లో ఒకడికి ఒక్కసారిగా ఆరు పాయింట్లు వస్తే కంగారు పడకండి.

మళ్లీ నేషన్స్ ఫైనల్‌కి వద్దాం, 21 హీట్లు అయ్యాయి, మీ పేజీలో ఏడు మొత్తాలు ఉన్నాయి. పైనున్న దేశం నేరుగా గ్రాండ్ ఫైనల్‌కు. రెండు, మూడు స్థానాల వాళ్లు ఒక హీట్ ఆడతారు, గెలిచినవాళ్లు పైవాళ్లతో ఇంకో హీట్. బంగారం ఆ ఒక్క హీట్‌లోనే. రాత్రంతా సంపాదించిన పాయింట్లు ఇక్కడికి రావు, పది పాయింట్ల తేడాతో మొదట నిలిచినవాళ్లు ఆ ఒక్క నిమిషంలో 4-5తో ఓడిపోవచ్చు. ఇది అన్యాయమని వాదించేవాళ్లు ఉన్నారు, నేనూ వాళ్లతోనే. కానీ రాత్రి ఒంటిగంటకు గదిలో ఎవరూ నిద్రపోకుండా ఉండేది కూడా దీని వల్లే.

గ్రాండ్ ఫైనల్‌కు కొత్త పేజీ తీయండి. నాలుగు రంగులు రాసుకోండి, పక్కన ఎవరు ఏ గేటో రాయండి, మార్జిన్‌లో పోగేసిన గేటు నంబర్లు చూసి ఎవరు ముందు దూరుతారో అందరూ పందెం చెప్పేయండి. రెండో చుట్టు మొదలయ్యేసరికి ముందున్నవాడిని వదిలేసి మూడో వాడినీ నాలుగో వాడినీ చూడండి. పసుపు మీద నలుపు గుర్తున్న జెండా ఊపితే అది చివరి చుట్టు. గీత దాటాక స్కోరుబోర్డు వచ్చేదాకా ఎవరినీ ఎగరనివ్వకండి, ఫోటో ఫినిష్ ఉండొచ్చు, రిఫరీ వీడియో చూస్తుండొచ్చు. ఫలితం తేలాక పెన్నుతో రాసి, టిఫిన్ ఎవరి మీద పడిందో కింద స్పష్టంగా రాసి సంతకం తీసుకోండి, పొద్దున్నే మాట మార్చే బ్యాచ్ ప్రతి గుంపులోనూ ఒకటుంటుంది.